చంద్రుడి మీద పైపు పానా

నేను ఒక పైపు పానాను. విజయవాడ ఆటోనగర్ కొలిమిలో కాగి, సమ్మెట దెబ్బలు తిని ఈ దవడలు తెచ్చుకున్నాను. నా మొదటి యజమాని నాతో కొబ్బరికాయలు మాత్రమే కొట్టాడు. తరువాత పలాస సంతలో కొర్లయ్య అనే ప్లంబరు నన్ను కొన్నాడు. చంద్రుడి మీద కట్టిన కాలనీలో ఉద్యోగం రాగానే నన్ను లుంగీలో చుట్టి వెంట తెచ్చుకున్నాడు.

గాజు గుమ్మటం కింద నాలుగు వేల మంది ఉండే కాలనీ అది. వారిలో తొమ్మిది వందల మంది శాస్త్రవేత్తలు. కుళాయి విప్పడం తెలిసినవాడు మాత్రం కొర్లయ్య ఒక్కడే.

ఒకరోజు భోజనాల వేళ వేరే లోకపు ఓడ ఒకటి గుమ్మటాన్ని ఆనుకుని దిగింది. అందులోంచి మోకాలెత్తు దూత ఒకడు బయటికొచ్చి, ఏ యంత్రం నేర్పిందో గాని చక్కని తెలుగులో చెప్పాడు: "మా ఓడలో గొట్టము కారుచున్నది. గంటలో ఓడ పేలును. మీ గుమ్మటము కూడ పేలును."

డైరెక్టర్ ఆదిశేషు గారు తక్షణం కమిటీ వేశారు. దూతను ఏమని సంబోధించాలో తేల్చడానికి కమిటీకి అరగంట పట్టింది. స్వాగతోపన్యాసానికి మరో పావుగంట. వెనకాల నిలబడ్డ కొర్లయ్య ఉండబట్టలేక, "బాబూ, ఎక్కడ కారతందో ఓపాలి నన్ను సూడనీండి," అన్నాడు.

"నీకేం తెలుసయ్యా? అది మనకు అంతుపట్టని సాంకేతికత," అన్నారు డైరెక్టర్.

"కారడం నాకు తెలుసు కదండీ."

జవాబు కోసం ఆగకుండా ఓడలోకి నడిచాడు. ధైర్యవంతుడేమీ కాదు, అతని చెమటకి నా పిడి జారిపోతోంది. ఏడు పలకల నట్టు నా దవడల్లో అతి కష్టం మీద ఇమిడింది. ఆవిరి మణికట్టును కాల్చినా అతడు పట్టు వదల్లేదు. జనపనార చుట్టి, పళ్ళు బిగించి తిప్పాడు. గంట నిండడానికి ఇంకో రెండు నిమిషాలున్నాయనగా కారడం ఆగింది.

"మమ్ము కాపాడిన వీరుడెవరు?" అని దూత అడిగాడు.

కొర్లయ్య చేతులు తుడుచుకునేలోపు ఆదిశేషు గారు కోటు సర్దుకుని ముందుకొచ్చారు. "అంతా నా ఆధ్వర్యంలోనే జరిగింది."

"ధన్యులము. మా లోకమున పదకొండు వేల గొట్టములు కారుచున్నవి. తమరే విచ్చేయవలెను."

డైరెక్టర్ గారు నోరు తెరిచేసరికే ఓడలోంచి దిగిన మరో ఇద్దరు దూతలు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఎంతో మర్యాదగా మెట్లెక్కించేశారు. కొర్లయ్య నన్ను పట్టుకుని పరుగెత్తాడు. "సారూ, పానా మర్సిపోనారు." ఓడ తలుపు మూసుకుంది. ఆ మాట జాలో ఎగతాళో, అతని చేతిలోనే ఉన్న నాకూ తెలియలేదు.

కమిటీ నన్ను కొర్లయ్య దగ్గర తీసేసుకుంది. ఇప్పుడు నేను కాలనీ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. 'కాలనీని కాపాడిన డైరెక్టర్ గారి పానా' అని నా కింద ఫలకం పెట్టారు. ఆ మహానుభావుడి వేలు కూడా నన్ను తాకలేదు.

ఏడాది తరువాత కొర్లయ్య నన్ను చూడడానికి వచ్చాడు. ఫలకం మీద రాతను కూడబలుక్కుని చదివాడు. అద్దం ముట్టుకోవద్దని కాపలావాడు కసిరితే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"పాపం, సారు ఏ గొట్టం కాడ కూకున్నారో," అన్నాడు నాతో మెల్లగా. "నట్టు ఏ పక్కకి తిప్పాలో సెప్పినోలు ఉన్నారో లేదో."