పెద్దమ్మ వంకర పన్ను

విమానం దిగగానే చేయవలసిన పనులు:

పెద్ద పెట్టె తీసుకోవాలి.
ఊళ్ళోకి వెళ్ళడానికి పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోవాలి.
రైలు టిక్కెట్టు రానూపోనూ కొనాలి.
రైల్లో నిద్రపోకూడదు. ఏడో స్టేషన్లో దిగాలి.
పన్నెండున్నరకల్లా హోటలు వెనక గేటు దగ్గర ఉండాలి.
ముందు పై సెట్టు, తర్వాత కింది సెట్టు. రంగు కాగితం కొరికించాలి. ఎత్తుగా తగిలిన చోట అరగదీయాలి. మళ్ళీ కొరికించాలి.
మాట్లాడించాలి.
రెండు గంటల రైలు తప్పిపోకూడదు.

ఈ చీటీ రాసుకున్న మనిషిని ల్యాబులో అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. పదకొండేళ్ళుగా అతని పని కట్టుడుపళ్ళు చేయడం. డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తారు. అతను ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, చిగుళ్ళ రూపం తెచ్చి, దాని మీద మైనంలో పళ్ళు వరసగా పేర్చి సెట్టు తయారుచేస్తాడు. వేల నోళ్ళు అతని చేతుల మీదుగా పోయాయి గానీ, ఒక్క మనిషి కూడా ఎదురుగా కూర్చుని నోరు తెరవలేదు. నోట్లో బిగించడం డాక్టర్ల పని.

ఇప్పుడు ల్యాబువాళ్ళు కొత్త మిషను పని నేర్చుకు రమ్మని రెండు వారాలకు దూరదేశం పంపుతున్నారు. దారిలో విమానం మారాలి. మారే ఊళ్ళో ఏడు గంటలు ఖాళీ. ఆ ఊళ్ళోనే ఒక పెద్ద హోటల్లో పెద్దమ్మ ఇస్త్రీ పని చేస్తోంది.

అమ్మ ఫ్యాక్టరీ డ్యూటీకి పోతే, చిన్నప్పుడు అతన్ని సాకింది పెద్దమ్మే. అప్పుడూ ఆవిడ పని ఇస్త్రీయే. ఆ బల్ల కింద కూర్చునే అతను ఎక్కాల నుంచి డిగ్రీ పుస్తకాల దాకా చదివాడు. ఇంట్లో డిగ్రీ ముఖం చూసినవాడు అతనొక్కడే. పోయినేడు చిగుళ్ళ జబ్బు వచ్చి ఆవిడకు పళ్ళన్నీ తీసేశారు. అక్కడి ధర్మాసుపత్రి డాక్టరు, మూడు నెలలు ఓపిక పడితే సెట్టు మేమే ఇస్తామన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మీరు అచ్చు తీసివ్వండి చాలు. మా అబ్బాయి చేసేది ఇదే పని" అంది. ఆ అచ్చు సెలవుకు మన దేశం వస్తున్న ఒకావిడ చేత పంపింది.

సెట్టు నెలలోనే అయిపోయింది. కానీ పళ్ళసెట్టు చీరలా పోస్టులో పంపేది కాదు. ఎదురుగా కూర్చోబెట్టి సరిచేయాలి. వెళ్ళే దారి లేదు. పదకొండు నెలలు పెద్దమ్మ గంజిలాంటివి తాగుతూ కూర్చుంది. ఫోను చేస్తే ఎత్తదు. "బాగున్నాను" అని ఒక్క ముక్క మెసేజి పెడుతుంది. నోరున్న మనిషి అలా మూగదైపోవడానికి కారణం తనేనని అతనికి తెలుసు.

అందుకే ఆ చీటీ.

మొదటి పనే బెడిసికొట్టింది. పళ్ళసెట్టును తడి దూదిలో చుట్టి డబ్బాలో పెట్టి, భుజం సంచిలోనే ఉంచుకున్నాడు. ఆకురాయి, గీకే చాకు, రంగు కాగితాలు మాత్రం విమానంలోకి రానివ్వరేమోనని పెద్ద పెట్టెలో పడేశాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళతో, తిరిగే పట్టా ముందు నలభై నిమిషాలు నిలబడ్డాడు. అందరి పెట్టెలూ వచ్చాయి. అతనిది రాలేదు.

కౌంటర్లో అమ్మాయి సామాను చీటీ చూసి, "మీ పెట్టె ఇక్కడ దిగదండీ. చివరి ఊరికి రాశారు. అది తిన్నగా మీ రెండో విమానం ఎక్కేస్తుంది" అంది.

"నేను దిగాను కదమ్మా?"

"మీరు దిగినా అది దిగదు."

బస్సు దిగితే టాపు మీద సామాను కూడా దిగుతుంది. పుట్టి బుద్ధెరిగాక అతనికి తెలిసిన ప్రయాణం అదే. విమానం అలా కాదని ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. డిగ్రీ చదివి ఏం లాభం అనుకున్నాడు. తిట్టుకునే ఓపిక కూడా లేదు.

అంతకుముందే ముద్ర కోసం వరసలో గంటన్నర నిలబడ్డాడు. మూడు గంటల కోసం ఊళ్ళో ఏం పనని ఆఫీసరు అడిగితే డబ్బా మూత తీసి చూపించాడు. ఆఫీసరు కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఎవరివి?"

"మా పెద్దమ్మవండీ."

"ఆవిడేదీ?"

"ఊళ్ళో ఉంది. ఇవి లేక ఇబ్బంది పడుతోంది."

ఆఫీసరు చటుక్కున ముద్ర కొట్టాడు.

రైల్లో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చుంటే నిద్రపోతానని కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నిలబడి కూడా రెండుసార్లు కునికాడు. కిటికీలోంచి గోదాములు, ఆరేసిన బట్టలు, మళ్ళీ గోదాములు. ఊరు ఎప్పుడు మొదలైందో తెలియలేదు. స్టేషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఏడో దాంట్లో దిగాడు.

హోటలు ముందువైపు అద్దాలు, పూలకుండీలు. వెనకవైపు చెత్తడబ్బాలు, ఆవిరి కక్కే గొట్టం. ఆ గొట్టం పక్క తలుపులోంచి పెద్దమ్మ వచ్చింది. నీలం ఏప్రాను, చెమట పట్టిన మెడ, నోటికి అడ్డంగా చెయ్యి.

"ఒరే, ఇంత చిక్కిపోయావేంట్రా? నీ పెళ్ళాం తిండి పెట్టట్లేదా?" చేతి వెనక నుంచి మాట ముద్దగా వచ్చింది.

"నువ్వా నన్ను అడిగేది? చెయ్యి తియ్యి."

"తియ్యను. నవ్వనని ఒట్టెయ్యి ముందు."

"నా మొహం చూడు, నవ్వే ఓపికుందా?"

పెద్దమ్మ చూసింది. చెయ్యి తీసింది. బుగ్గలు లోపలికి పోయి, పదేళ్ళు ముసలిదైపోయింది.

పనివాళ్ళు భోంచేసే గదిలో రేకు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఇస్త్రీ సెక్షను సూపర్‌వైజరు తలుపులో నిలబడి, "అరగంటే. ఒంటిగంటకి దుప్పట్లు దిగుతాయి" అని హెచ్చరించి వెళ్ళింది.

పై సెట్టు పెట్టగానే అతుక్కుంది. అతని ప్రాణం కాస్త కుదుటపడింది. కింది సెట్టు పెట్టాక, "కొరుకు" అన్నాడు. పెద్దమ్మ కొరికి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఎక్కడ?"

ఎడమ దవడ చూపించింది. అక్కడ ఎత్తుగా తగులుతోంది. ఎంత ఎత్తో తెలియాలంటే రంగు కాగితం కావాలి. అది ఇప్పుడు ఏ విమానం కడుపులో ఉందో! అతను తల పట్టుకున్నాడు. సంగతి విని, పక్క బల్ల మీద అన్నం డబ్బా విప్పుకుంటున్న ఇస్త్రీ పిల్ల లేచింది.

"రంగేగా అన్నా? లిప్‌స్టిక్ పనికిరాదూ?"

పనికొచ్చింది. పళ్ళ మీద పల్చగా పూసి కొరికిస్తే, ఎత్తుగా ఉన్నచోట రంగు చెరిగిపోయింది. చోటు దొరికింది గానీ అరగదీయడానికి ఏమీ లేదు. ఆ పిల్ల ఇచ్చిన గోళ్ళ ఆకురాయి జారిపోతోంది తప్ప పట్టు దొరకలేదు. గడియారం పావు తక్కువ ఒంటిగంట చూపించింది. ఇలాగే వదిలేసి పోతే సాయంత్రానికి చిగురు పుండవుతుంది. రేపు సెట్టు తీసి డబ్బాలో పెట్టేస్తుంది. మళ్ళీ "బాగున్నాను" అని మెసేజి పెడుతుంది.

"స్టేషను మెట్ల కింద చెప్పులు కుట్టే తాతున్నాడు. గరుకు కాగితం ఉంటుంది అతని దగ్గర" అంది పెద్దమ్మ.

"నీకు డ్యూటీ ఉంది కదా?"

సూపర్‌వైజరు అప్పటికే వచ్చి నిలబడి ఉంది. "పదకొండు నెలల్నించీ మా అబ్బాయి వస్తాడు, పళ్ళు తెస్తాడు అని రాసి చూపించి మా ప్రాణాలు తోడేశావు. పళ్ళు పెట్టుకోకుండా వస్తే లోపలికి రానివ్వను. పో. దుప్పట్లు నేను చూస్తాలే."

చెప్పుల తాత సంగతంతా విని, చెప్పులు అరగదీసే చక్రం తిప్పబోయాడు. "వద్దు తాతా, విరిగిపోతుంది" అని మేస్త్రి చేతులడ్డం పెట్టాడు. తాత పెట్టె అడుగునుంచి సన్నటి గరుకు కాగితం తీశాడు. "కొత్తది బాబూ. దీనికింకా చెప్పు తగల్లేదు."

మేస్త్రి మెట్ల కింద పీట మీద కూర్చున్నాడు. మోచేతులు మోకాళ్ళకు ఆనించి, శ్వాస బిగబట్టి రుద్దాడు. సీసా నీళ్ళతో కడిగి పెట్టాడు. కొరికించాడు.

"ఇక్కడ" అంది పెద్దమ్మ.

రుద్దాడు. కడిగాడు. కొరికించాడు.

"ఇంకా కొంచెం."

తల మీదుగా రైళ్ళు పోతుంటే మెట్లు అదురుతున్నాయి. ఒకటీ ముప్పై ఐదు. నాలుగోసారి పెట్టాక పెద్దమ్మ దవడ అటూ ఇటూ ఆడించి చూసుకుంది.

"ఎక్కడ నొప్పి, చెప్పు."

"ఎక్కడా లేదురా."

తాత తన సద్దిలోంచి రొట్టె అంచు తుంచి ఇచ్చాడు. పెద్దమ్మ కొరికింది. కరకరమని ముగ్గురికీ వినిపించింది. ఆవిడ నమలడం ఆపకుండానే అతని ఫోను లాక్కుని, అందులో మొహం చూసుకుంది. ముందు పళ్ళలో ఒకటి పక్కదాని మీదికి కొద్దిగా ఎక్కి ఉంది. ఇస్త్రీ బల్ల కింద నుంచి తలెత్తి చూసినప్పుడల్లా అతనికి కనిపించిన పన్ను అది. మైనంలో పేర్చేటప్పుడు అన్నీ తిన్నగా పెట్టి, రాత్రి నిద్ర పట్టక, పొద్దున్నే వెళ్ళి దాన్ని వంకర చేశాడు.

"ఇన్నాళ్ళు ఆగి కొత్త పళ్ళు పెట్టుకుంటుంటే, అదే వంకర పన్ను తగలేశావేంట్రా దొంగవెధవా!"

"తిన్నగా పెడితే నువ్వెవరో నాకు తెలియలేదు పెద్దమ్మా."

ఆవిడ ఇంకేదో తిట్టబోయి ఫోను తిరిగిచ్చేసింది. ఇక నోరు తెరిచింది చూడండి! ఇస్త్రీ పెట్టెల వేడి, గదిలో కుళాయి కారడం, కింది బెడ్డు ఆవిడ గురక, అతని పెళ్ళాం ఫోన్లో పొడిపొడిగా మాట్లాడటం, పదకొండు నెలలు దాచిన మాటలన్నీ మెట్లెక్కుతూ ఏకధాటిగా పోసేసింది. మాట్లాడించాలి అని చీటీలో రాసుకున్నాడు గానీ, ఆపించడం ఎలాగో రాసుకోలేదు.

"రెండు వారాలు గట్టివి కొరక్కు. రాత్రి తీసి నీళ్ళలో వెయ్యి. పుండైతే ధర్మాసుపత్రి డాక్టరుకి చూపించు, మొహమాటపడకు."

"సర్లేరా, డాక్టరుగారూ! రైలొచ్చింది, ఎక్కు."

తలుపులు మూసుకున్నాక కూడా అద్దం అవతల ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి. నోటికి చెయ్యి అడ్డం లేదు.

విమానాశ్రయమే చివరి స్టేషను. ఇప్పుడు నిద్రపోయినా ఫరవాలేదు. సీట్లో కూలబడ్డాడు. ఒళ్ళంతా దెబ్బలు తిన్నట్టుంది. ఒళ్ళో ఖాళీ డబ్బా, అందులో తడి దూది. చీటీ తీసి ఒక్కొక్క పనీ కొట్టేశాడు. మొదటిది మిగిలింది. ఆ పెట్టె సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మీరెప్పుడైనా ప్రయాణం మధ్యలో ఏదో ఊళ్ళో ఆగి, హోటల్లో ఒక్క ముడతా లేని దుప్పటి మీద నడుం వాల్చితే, దాన్ని కింద ఆవిరి గదిలో నిలబడి ఇస్త్రీ చేసిన మనిషిని ఒకసారి తలచుకోండి. ఆవిడ పన్ను ఒకటి వంకర. పలకరిస్తే మాత్రం తొందరగా వదలదు.