మూడు డొప్పల మొనగాడు

సర్వేశ్వరరావు ఉద్యోగం విశాఖపట్నం పోర్టులో, ప్రాణం పోర్టర్‌లో. పోర్టర్ అంటే రైల్వేస్టేషన్లో పెట్టె మోసేవాడు కాదు, మాడబెట్టిన బార్లీతో కాచే నల్లటి బీరు. ఈ సంగతి అతను తన యాభై రెండేళ్ళ జీవితంలో ఓ ఐదువందల మందికైనా విడమరిచి చెప్పి ఉంటాడు, అడిగినవాళ్ళకి కొందరికీ, అడగనివాళ్ళకి అందరికీ.

షాపులో దొరికే సీసా బీరు ముట్టడు. అది బీరు కాదు, బీరకాయ ఉడికించిన నీళ్ళంటాడు. చిన్న చిన్న బట్టీల్లో, కాచేవాడి చేతివాటం తెలిసేలా, కాసిని కాసినిగా తయారయ్యే క్రాఫ్ట్ బీరే అతనికి బీరు. దానికోసం బెంగళూరు వెళ్ళాడు, పూణె వెళ్ళాడు, బావమరిది పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళి పెళ్ళి తప్ప అన్నీ చూసొచ్చాడు. "మా ఇంట్లో బీరువా నాదీ, బీరు ఆయనదీ" అని అతని భార్య గాయత్రి వచ్చినవాళ్ళకి చెబుతూ ఉంటుంది.

అతని దగ్గర నల్లట్ట పుస్తకం ఒకటుంది. తాగిన ప్రతి బీరుకీ రంగు, నురుగు, వాసన, రుచి, మింగాక నాలుక మీద మిగిలేది, అన్నీ అందులో రాసి పదికి ఇన్నని మార్కులేస్తాడు. నూట నలభై ఒక్క బీర్లు అతని చేతిలో పరీక్ష రాశాయి. ఒక్కదానికీ పదికి పది రాలేదు. నలుగురు మిత్రులతో పెట్టుకున్న 'నురుగు సంఘం'లో అతని మార్కే తుది తీర్పు. తొమ్మిదిన్నర దాకా వచ్చింది ఒక్కటే. బీచ్ రోడ్డు వెనకసందులో ఒక చిన్న బట్టీవాళ్ళు అరకు కాఫీ గింజలు వేసి చేసిన నల్లబీరు. ఆ మిగిలిన అరమార్కు ఎక్కడ దొరుకుతుందా అన్నదే అతని బెంగ.

ఒక శనివారం ఆ బట్టీకి కాఫీ బస్తాలు దింపడానికి సుక్రు వచ్చాడు. బొర్రా పైన కొండమీది రైతు, నలభై ఏళ్ళవాడు. తన అభిమాన బీరులోని కాఫీని పండించిన మనిషి ఎదుటపడేసరికి సర్వేశ్వరరావు లేచి నిలబడి, పక్కన కూర్చోబెట్టుకుని, పెద్ద గ్లాసు తెప్పించాడు. సుక్రు గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. మీసం తుడుచుకున్నాడు.

"బాగానే ఉంది బాబూ. సోకు ఎక్కువ, సారం తక్కువ. మా యమ్మ సేసిన పెండెం ముందర ఇది కుండ కడిగిన నీల్లు."

తొమ్మిదిన్నర మార్కుల బీరు గ్లాసులోనే తలవంచుకున్నట్టయింది. పెండెం అంటే ఏమిటో సుక్రే చెప్పాడు. చోళ్ళు, అంటే రాగులు, పిండి చేసి వండి, అడవి వేర్లతో చేసిన మందుబిళ్ళ కలిపి కుండలో పులియబెడతారట. మందులో మందు వెయ్యడం అన్నమాట, అనుకున్నాడు సర్వేశ్వరరావు. ఒక క్యాను కొనిపెట్టమన్నాడు. అది అమ్మేది కాదన్నాడు సుక్రు. చోడి కోతల్లో ఒకరి చేనుకి ఒకరు పనికెళ్తారు, కూలి ఉండదు, సాయంత్రం చేనువాళ్ళు పెండెం పోస్తారు. కావాలంటే కోతలకి రమ్మన్నాడు.

మర్యాదకి పిలిచాడు పాపం. నవంబరు రెండోవారంలో సర్వేశ్వరరావు నిజంగానే బొర్రాలో రైలు దిగాడు.

సుక్రు తల్లి గంగకి డెబ్బై ఏళ్ళుంటాయి. ఇంటి మూలన ఆకులు కప్పిన పెద్ద కుండ. సర్వేశ్వరరావు దానికి చెవి ఆనించి లోపలి బుడబుడలు విని కళ్ళు మూసుకున్నాడు. కానుకగా తెచ్చిన మాడుగుల హల్వా పెట్టె ముసలామె చేతిలో పెట్టి, ముందుగా ఒక్క చుక్క శాంపిల్ ఇప్పించమన్నాడు. గంగ హల్వా అక్కడున్న అందరికీ పంచిపెట్టి, అతని చేతిలో కొడవలి పెట్టింది.

"సేనుకెల్లు. సాయంత్రం సూద్దాం."

చోడవరంలో పుట్టినవాడికి చోడి కొయ్యడం ఓ లెక్కా అనుకుంటూ అతను కొండవాలు దిగాడు. నిజానికి కొడవలి పట్టి ముప్పై ఏళ్ళయింది, అదీ తాతగారి వరిచేలో. అందుకే వరి కోసినట్టే గుప్పెడు పట్టి మొదలంటా కోశాడు. సుక్రు భార్య సోని పరుగున వచ్చి ఆపింది. ఇక్కడ గింజ పట్టిన వెన్నులు మాత్రమే, జానెడు కాడతో కొయ్యాలి, దంటు చేలోనే ఉండాలి, అది తర్వాత పశువులకి. అతను సరేనన్నాడు. వెన్నులు కొయ్యడం మొదలెట్టిన గంటకే అతని వెన్ను మొరపెట్టుకుంది. పక్క చేలో వలిసెల నూనెపంట పసుప్పచ్చగా పూసి ఉంటే వాటికోసం ఫోను తీశాడు. నురుగు సంఘానికి పంపాలని కొడవలి చంకన పెట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ ఫొటోలు తీసుకున్నాడు. కాళ్ళకింద ఏముందో చూసుకోలేదు. గట్టు మీద కూర్చున్న గంగ చూసింది.

సాయంత్రం అందరూ వరసగా కూర్చున్నారు. బొర్రాలో దిగినవాడు ఎట్టకేలకు బుర్ర దగ్గరికి చేరాడు. ఎండిన ఆనపకాయ బుర్రతో గంగ కుండలోంచి ముంచి, మొదటిది నేలకి పోసి దండం పెట్టింది. తర్వాత ఒక్కొక్కరికీ అడ్డాకు డొప్పలో పోసుకుంటూ వచ్చింది. ఒక్కొక్కరికి మూడేసి డొప్పలు. సర్వేశ్వరరావు దగ్గరకొచ్చేసరికి అర డొప్ప.

అతను ముందు వాసన చూశాడు. పొయ్యి పొగ, తడిసిన మట్టి. నోట్లో పోసుకుంటే పచ్చి చింతకాయంత పులుపు, వెనకాలే సన్నగా తీపి, మింగాక వేయించిన చోళ్ళ చిరుచేదు నాలుక మీద కూర్చుని లేవనంది. వెతుకుతున్న అరమార్కు అర డొప్పలో దొరికింది. చేయి తనంతట తానే జేబులోని పుస్తకం మీదకెళ్ళింది. రెండోచేయి డొప్ప చాపింది.

గంగ అతని ముందు ఆగింది. కుండలో బుర్ర ముంచింది. నిండుగా ఉన్న బుర్రతో అతన్ని దాటి, చేను గట్టుకి నడిచి, అంతా అక్కడ ఒంపేసింది.

"అదేటి?" అన్నాడు సర్వేశ్వరరావు.

"నీ వాటాయే" అన్నాడు సుక్రు, నవ్వు బిగబట్టుకుని. "నువ్వు తొక్కేసిన ఎన్నులకి పోసింది. ఎవుల పనికి ఎన్ని డొప్పలో మా యమ్మే సెప్తాది. మరొకలు సెప్పడానికి లేదు."

వరసంతా పగలబడి నవ్వింది. సోని అయితే కొంగు నోట్లో కుక్కుకుంది. సర్వేశ్వరరావు చెవులు వేడెక్కాయి. నూట నలభై ఒక్క బీర్లకి నిలబెట్టి మార్కులేసినవాడు, తనకెవరైనా వేస్తారని ఏనాడూ అనుకోలేదు. మూడుకి అర వచ్చింది. ఫెయిలు.

పుస్తకం మళ్ళీ జేబులో పెట్టుకుని, సిగ్నలు దొరికేదాకా గట్టెక్కి గాయత్రికి ఫోన్ చేశాడు. ఇంకో రోజు సెలవు పెట్టానన్నాడు. పెరట్లో నాలుగు తోటకూర కాడలు కొయ్యమంటే మీకు నడుం పట్టేస్తుంది కదా అని ఆవిడ గుర్తుచేసింది. ఇది బీరు సంగతి కాదు, పరువు సంగతన్నాడు.

మర్నాడు మంచు విడకముందే అతను చేలో ఉన్నాడు. ఫోను ఇంట్లో వదిలేశాడు. అడుగు తీసి అడుగేసేముందు కింద చూసుకున్నాడు. అయినా కాడలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కాసేపటికి గంగ గట్టు దిగొచ్చింది. అతని ఎడమచేతి వేళ్ళు విడదీసి, వెన్నుని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి, కొడవలిని అతనివైపుకి కాకుండా పక్కకి లాగించింది. వెన్ను టక్కున చేతిలోకొచ్చింది. అలా పది కోయించి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అతను మాట్లాడలేదు. సర్వేశ్వరరావు మాట్లాడకుండా పూట గడిపాడంటే నురుగు సంఘంలో ఒక్కడూ నమ్మడు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. తట్ట నిండింది, మళ్ళీ నిండింది. పొద్దు వాలాక గంగ అందరి తట్టలూ చూస్తూ వచ్చి, అతని తట్టలోంచి గుప్పెడు వెన్నులు తీసి కాడలు పక్కపక్కన పెట్టి చూసింది. జానెడు, జానెడు, జానెడు. వెనక్కి వెళ్ళి అతను కోసిన బారు పొడుగునా వంగి నేల వెతికింది. లేచి వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఒకే ఒక్క వెన్ను ఉంది.

సాయంత్రం వరసలో అతను చివర కూర్చున్నాడు. మొదటి డొప్ప నిండా పోసింది. రెండోది పోసింది. ఆ తర్వాత బుర్ర కుండ అంచున పెట్టి, అతన్నే చూస్తూ నిలబడింది. సర్వేశ్వరరావుకి పదోతరగతి ఫలితాల రోజున కూడా గుండె ఇలా కొట్టుకోలేదు.

"ఒక ఎన్ను ఒగ్గేసినావు" అంది గంగ.

"ఒగ్గేసేనమ్మా" అన్నాడు, తలొంచుకుని.

"సుక్రుగాడు మూడు ఒగ్గేసినాడు."

బుర్ర ముంచి మూడోది పోసింది. డొప్ప పొర్లి అతని బొబ్బల మీదుగా కారింది, మండింది. పోసిన చేత్తోనే అతని నడుం మీద ఒక్క చరుపు చరిచింది. వెన్నులు కోసిన వెన్ను, ఆ తట్టుకి నిటారుగా నిలిచింది.

"నీ కొడవలి మా ఇంటికాడే ఉంటాది. పై యేడు బేగి రా."

రైల్లో అతను పుస్తకం తెరిచాడు. నూట నలభై రెండో పేజీ. రంగు రాశాడు, వాసన రాశాడు, చింతకాయ, చిరుచేదు, అన్నీ రాశాడు. మార్కుల గడి దగ్గర పెన్ను ఆగింది. పది వెయ్యడానికి తనెవడు? సొరంగాలు రెండు దాటాక గడిలో ఇలా రాశాడు: 'నాకు వచ్చినవి. మొదటిరోజు అర. రెండోరోజు మూడు.' కింద రెండు గీతలు గీశాడు.

నురుగు సంఘంలో ఆ పేజీ చేతులు మారింది. బీరుకెన్ని మార్కులో చెప్పమని నలుగురూ నిలదీశారు. మార్కులు వేసేది తాను కాదని, ఒకావిడ తనకే వేసిందని, మూడుకి మూడు వచ్చాయని అతను నాలుగుసార్లు చెప్పాడు. మిగతా నలుగురు వచ్చే కోతలకి తామూ వస్తామన్నారు. ముందు జానెడు కొలవడం నేర్చుకోమన్నాడు సర్వేశ్వరరావు.

ఇంట్లో గాయత్రి అతని అరచేతులకి కొబ్బరినూనె రాస్తూ ఆ పేజీ చదివింది.

"ఇరవయ్యేడేళ్ళుగా నేనూ మార్కులేస్తున్నాను. ఒక్కటైనా రాసుకున్నారా?"

అతను వినలేదు. బొబ్బలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఏడున్నాయి. బొటనవేలి మొదట్లో ఎర్రగా ఉన్నది ఎనిమిదోది కింద లెక్కకొస్తుందా రాదా అని దీపం కింద పెట్టి చూసుకుంటున్నాడు.