తేలని బిందె

తెల్లారి నల్లా రాగానే ఆ కాలనీలో బిందెల చప్పుడు మొదలవుతుంది. తాండూరులో కాపురం పెట్టినప్పటి నుంచి అంజలికీ అదే వరస. కాకపోతే ఇప్పుడామె బాలింత. ఆచారం ప్రకారం బావికి పసుపు కుంకుమ పెట్టి, తొలి బిందె నెత్తిన పెట్టుకుని ఇంటికి రావాలి. కాలనీలో బావెక్కడిది? నల్లాకే పసుపు పూశారు.

ఆ పూజ కోసమే తల్లి హన్మమ్మ బొంరాస్‌పేట నుంచి ఇత్తడి బిందె తెచ్చింది. మంచినీళ్ళు నింపితే అది నెత్తికి జానెడు పైన తేలుతుంది. వాళ్ళ ఊళ్ళో దాన్నెవరూ ఆగి చూడరు కూడా.

అంజలి నెత్తిన బిందె తేలలేదు. చుట్టబట్ట మీద బరువుగా కూర్చుంది.

"గీ నీళ్ళతోని పాలపొడి కలుపుతవా? వద్దు బిడ్డా. పిల్లను నేను తీస్కపోత," అంది హన్మమ్మ.

అంజలికి వెంట పోయే వీలు లేదు. వచ్చే వారం బట్టల దుకాణంలో మళ్ళీ పనిలో చేరాలి. పసిదాన్ని వదిలి ఎట్లా ఉండడం?

ఈ సంగతి కాలనీ సంఘం అధ్యక్షుడు రాజేందర్‌కు రోషం తెప్పించింది. నాపరాళ్ళ వ్యాపారి ఆయన. బండ తొలిపించి వేయించిన తన బోరు నీళ్ళను నది నీళ్ళలో కలిపి ట్యాంకు నింపిస్తున్నాడు. ఆ బోరంటే ఆయనకు కన్నకొడుకంత ముద్దు.

"పరీక్ష చేపిచ్చిన. ఫ్లోరైడు హద్దు లోపలనే ఉంది. నీ బిందెకేమెరుక?"

"హద్దు నాకెరుకలేదు పటేలా. బిందె కూసుంది, గంతే."

తేల్చుకుందామని పిల్లనెత్తుకుని తల్లీకూతుళ్ళు, వాళ్ళతో రాజేందర్, బిందెతో సహా రైలెక్కి వికారాబాద్‌లోని నీళ్ళ ల్యాబుకు పోయారు. అక్కడి అధికారి రచన బిందె చూసి, "మా అమ్మమ్మ దగ్గర గిసొంటిదే ఉండె," అని పక్కన పెట్టించి, నీళ్ళు పరీక్షించింది.

"సార్, ఫ్లోరైడు హద్దుకు రెండు గీతలుంటయి. వేరే నీళ్ళు దొరకనోళ్ళకు పై గీత. పానానికి మంచిది కింది గీత. మీ నీళ్ళు నడుమ ఉన్నయి. నది నీళ్ళు ఉండంగ బోరెందుకు కలుపుడు?"

రాజేందర్ ఒప్పుకోలేదు. రచన నది నీళ్ళు వచ్చే నల్లా దగ్గర బిందె నింపించింది. "జర ఎత్తుకోండి."

పుట్టి బుద్ధెరిగాక బిందె మోయని పెద్దమనిషి మొండిగా నెత్తిన పెట్టుకున్నాడు. అది లేచింది. చేత్తో నొక్కాడు, దిగలేదు. మునివేళ్ళ మీద నిలబడి చాలాసేపు నెత్తిని దానికి ఆనించాలని చూశాడు.

"మా కోడలు రుచితకు గూడ నెలలు నిండుతున్నయి," అన్నాడు చివరికి, ఎవరితో అంటున్నాడో తెలియకుండా.

తాండూరు చేరగానే ట్యాంకుకు పోయే బోరు వాల్వు తన చేత్తోనే కట్టేశాడు. ఇక ఆ నీళ్ళు బండలు కోసే మిషన్లకే. ట్యాంకు కడిగించాడు, నది నీళ్ళు నింపించాడు, ఎవరూ అడగకుండానే డప్పులు పిలిపించాడు.

అంజలి మళ్ళీ నల్లాకు పసుపు పూసి బిందె ఎత్తింది. జానెడు కాదు, మూరెడు లేచింది. గల్లీ అంతా గెలిచినట్టు కేకలేసింది. పిల్లనెత్తుకున్న హన్మమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

బిందెను పట్టుకునే పని లేదు. అంజలి రెండు చేతులూ చాపింది.

"పిల్లను నాకియ్యి అమ్మా," అంది.