సర్దినందుకు రెండు నిమిషాలు

"నా సాక్సులు ఏ జేబులో పెట్టావ్?" అని కారు తాళాన్ని వేలికి తిప్పుకుంటూ భర్త గుమ్మంలోంచి కేకేసినప్పుడు, ఆమె అత్తగారి మాత్రలు పొద్దుటివీ మధ్యాహ్నానివీ విడివిడిగా పొట్లాలు కడుతోంది.

"ఎడమ జేబులో. బూట్లలో చల్లుకునే పౌడరూ అందులోనే ఉంది," అంది తల ఎత్తకుండా.

కూతురితోపాటు అత్తగారూ పోటీ చూడటానికి బయల్దేరారు. ఆవిడ వస్తున్నారంటే మడత కుర్చీ, ఫ్లాస్కు, గొడుగు, మెత్తటి చెప్పులు కూడా బయల్దేరినట్టే. భర్త సంచి ఆమె ముందురోజు సాయంత్రమే ఓపిగ్గా సర్దింది. తన సంచి మాత్రం ఇదిగో, ఇప్పుడు, దొరికిన ఐదు నిమిషాల్లో చేతికి అందిందల్లా కుక్కి జిప్పు లాగింది. కారెక్కాక గుర్తొచ్చింది, తనకు తువ్వాలు పెట్టుకోలేదని. పోనీలే, గాలికి ఆరిపోతాను అనుకుంది.

పోటీలో ముందు జలాశయంలో ఏడువందల యాభై మీటర్ల ఈత, తర్వాత ఇరవై కిలోమీటర్ల సైకిలు, ఆ తర్వాత ఐదు కిలోమీటర్ల పరుగు. మూడూ కలిపి రెండు గంటల్లో అయిపోవాలి. దాటితే, ఎంత కష్టపడి వచ్చినా జాబితాలో పేరుండదు. భర్తకిది ఆరో పోటీ. తన వయసువాళ్లలో మొదటి ముగ్గురిలో ఉండాలని ఆయన పంతం. ఆమెకిది మొదటిది. ఆమెకు కావలసింది జాబితాలో చోటు, అంతే.

అంతే అంటే చిన్నదేమీ కాదు. ఆమె చేసే పనుల్లో చేసినట్టు మిగిలేది ఒక్కటీ ఉండదు. తోమిన గిన్నె మధ్యాహ్నానికి మళ్లీ సింకులో ఉంటుంది. ఉతికిన చొక్కా మళ్లీ బుట్టలో పడుతుంది. ఆస్పత్రి ల్యాబులో పంతొమ్మిదేళ్లుగా ఆమె పరీక్షించిన రక్తం ఎంతమంది ప్రాణం నిలబెట్టిందో లెక్కలేదు, కానీ ప్రతి కాగితం అడుగునా సంతకం డాక్టరుగారిది. కొత్తగా వచ్చిన అబ్బాయిలను శిక్షణలకు పంపుతూ ఇంచార్జి ఆమెతో అంటాడు: "మీరు వెళ్తే ఎలాగండీ? మీ చేయి పడితే గానీ ఆ ఫ్రిజ్జు ఫ్రిజ్జులా ఉండదు." అది పొగడ్తనుకుని చాలా కాలం మురిసిపోయింది కూడా. ఒక్కచోట, ఒక్క కాగితం మీద, తన పేరు, దాని పక్కన తను తీసుకున్న సమయం, మళ్లీ ఎవరూ మాపలేనట్టుగా ఉండాలని ఆమె కోరిక. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని సిగ్గు.

మోకాళ్ల నొప్పికి ఈత మంచిదని డాక్టరు చెప్పడంతో మొదలైందిదంతా. తెల్లవారుజామున ఈతకొలనులో ఆడవాళ్ల గంటలో ఆమె మొదటిసారి నీళ్లలో దిగి వచ్చిన రోజు, "తాబేలు నీళ్లలో పడిందర్రా, ఇక ఆ కొలను కదలదు," అన్నాడు భర్త. అప్పట్నుంచీ ఆమె తాబేలు. "నలభై మూడేళ్లకి ఈ గంతులేమిటమ్మా, నలుగురూ నవ్వరూ?" అన్నారు అత్తగారు. నలుగురి సంగతి తర్వాత, ముందు ఇంట్లో ముగ్గురూ నవ్వారు. అయితే ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. చిన్నప్పుడు సైకిలు నేర్చుకోని ఆమెకు మూడు ఆదివారాలు సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తింది ఆ భర్తే. ఆమె ఎన్నిసార్లు పడిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన చెడ్డవాడైతే ఈ కథ ఇంత కష్టమయ్యేది కాదు.

జలాశయం ఒడ్డున, ఇనప కడ్డీలకు సైకిళ్లు వరసగా వేలాడదీసిన ఆవరణ ఉంది. ఒక్కో సైకిలు కింద దాని మనిషి బూట్లు, హెల్మెట్టు, మిగతా సామాను. దరఖాస్తులు రెండూ భర్తే ఒక్కసారి నింపాడు కాబట్టి ఆయనది నూట పన్నెండు, ఆమెది నూట పదమూడు. పక్కపక్కనే. మెడలో ఈల వేసుకుని ఆవరణ కాస్తున్నది ఓ రిటైరైన డ్రిల్లు టీచరమ్మ. ఈతకు ముందు అందర్నీ నిలబెట్టి నిబంధనలు చెప్పింది.

"మీ నంబరు కింద ఉన్నది మీది. పక్కనున్నది పరాయిది. మొగుడిదైనా, తమ్ముడిదైనా పరాయిదే! వేలు పెట్టారా, ఈల వేస్తాను. పెట్టినవాళ్లకి రెండు నిమిషాలు శిక్ష. ఆ సాయం పొందినవాళ్లకీ రెండు నిమిషాలు. పరాయి చోటు తనదనుకుని వాడుకున్నవాళ్ల పేరే జాబితాలోంచి తీసేస్తారు. తర్వాత నన్ను తిట్టుకోకండి."

అందరితోపాటు ఆమె కూడా నవ్వింది.

నీళ్లు చల్లగా ఉన్నాయి. మొదటి వంద మీటర్లు ఎవరి కాలో ఆమె భుజానికి తగులుతూనే ఉంది. తర్వాత కాళ్లన్నీ ముందుకు వెళ్లిపోయి నీళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలో ఆమెకు హాయిగా అనిపించింది. ఎవరూ పిలవని చోటు. చెవుల్లో తన ఊపిరి తప్ప ఏమీ లేదు. ఒడ్డు కాళ్లకు తగిలేసరికి ఇరవై నాలుగు నిమిషాలు. అనుకున్నదానికంటే రెండు తక్కువ! తాబేలు ఒడ్డెక్కిందర్రా అని తనలో తనే నవ్వుకుంటూ, తడి కాళ్లతో ఆవరణలోకి పరుగెత్తింది.

ఆ తర్వాత ఆమెకు తెలిసిందల్లా చెవి పక్కన మోగిన ఈల.

"నూట పదమూడూ! ఏం చేస్తున్నావమ్మా?"

ఆమె తన చేతుల వంక చూసుకుంది. భర్త ఎప్పుడో సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆయన విసిరేసి పోయిన తడి తువ్వాలు పిండి, నాలుగు మడతలు వేసి, కడ్డీ మీద పెట్టి ఉంది. ఈత కళ్లద్దాలు తుడిచి, టోపీలో పెట్టి ఉన్నాయి. పరుగు బూట్లు రెండూ జతగా, లేసులు వదులై, నోళ్లు తెరుచుకుని, లోపల పౌడరు చల్లి ఉన్నాయి. రెండో సాక్సు ఆమె చేతిలోనే ఉంది, కాలు పెట్టగానే ఎక్కేలా సగం వరకు చుట్టి. తన హెల్మెట్టు మాత్రం ఇంకా నేలమీదే బోర్లా పడి ఉంది.

"సర్దుతున్నానండీ," అంది ఆమె. అనకుండా ఉండాల్సింది.

తాడు అవతల జనంలోంచి ఎవరో, "ఆంటీ, ఇంటిపని ఇక్కడిదాకా తెచ్చుకున్నారా?" అన్నారు. నవ్వు ఆ వరసంతా పాకింది. ఆమె సాక్సును బూట్లో పెట్టేసింది, అది కూడా నీటుగా. ఈ చెయ్యి ఇక ఆగదా అని ఏడుపొచ్చింది.

సుద్దతో గీసిన చిన్న గడిలో రెండు నిమిషాలు ఊరికే నిలబడాలి, అదే శిక్ష. తనది చిన్న ఒళ్లు కాదు, తడి బట్టలు ఒంటికి అతుక్కున్నాయి, జనం చూస్తున్నారు. టీచరమ్మ గడియారం చూసుకుంటున్నట్టుగా రెండడుగులు పక్కకు జరిగి, సరిగ్గా ఆమెకూ జనానికీ మధ్యన నిలబడింది. కావాలనే నిలబడిందో, ఎండ తప్పించుకోవడానికో ఆమె అడగలేదు. కొన్ని దయలు అడిగితే చెడిపోతాయి.

ఊరికే నిలబడటం ఆమెకు రాలేదు. చేతులు కట్టుకుంది, విప్పింది, జడ పిండుకుంది. తప్పు చేసినందుకు కాదు ఆమెకు సిగ్గు. చేసింది గుర్తు లేనందుకు. దొంగకైనా తను దొంగిలిస్తున్నట్టు తెలుసు. తనకు తెలియకుండా తన చేతులు వెళ్లి ఆయన బూట్ల ముందు కూర్చున్నాయి. ఏడాదిగా తెల్లవారుజామున లేచి, కొలను ఈది, ఒళ్లు నొప్పులు తెచ్చుకుని సంపాదించుకున్న రెండు నిమిషాలను ఆయన సాక్సుకు పెట్టేశాయి. ఇంట్లో ఇంకెన్ని ఇలా చేస్తున్నానో, వాటికి ఈల వేసే మనిషి లేకపోబట్టి కదా అనుకుంటే, చెవులు వేడెక్కాయి.

"అయిపోయింది, పోమ్మా," అంది టీచరమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "హెల్మెట్టు బిగించుకో ముందు. నీది," అంది.

సైకిలు మీద ఇరవై కిలోమీటర్లూ ఆ నవ్వు వెంటాడింది. పరుగులో నాలుగో కిలోమీటరు దగ్గర కడుపులో పట్టేసి ఆగిపోబోతే, ఎవరో ముసలాయన పక్కనుంచి నెమ్మదిగా దాటుతూ, "నడిచినా ఒప్పుకుంటారమ్మా, ఆగితేనే ఒప్పుకోరు," అన్నాడు. నడిచింది, మళ్లీ పరుగెత్తింది. గీత దాటేసరికి గంటా యాభై ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. బోర్డు మీద రాసేవాడు ఆమె పేరు అడిగి, అక్షరం అక్షరం రాశాడు. దాన్ని ఆమె అటు తిరిగి ఒకసారి, నీళ్లు తాగి ఒకసారి చూసుకుంది.

మడత కుర్చీ దగ్గర భర్త నేలమీద కూర్చుని ఉన్నాడు. నాలుగో స్థానం. మూడోవాడికీ ఆయనకూ తేడా యాభై సెకన్లు. సైకిలు దిగి రాగానే ఆయన్నీ ఆ సుద్ద గడిలో రెండు నిమిషాలు నిలబెట్టారు.

"ఎవరు చెప్పారే నీకు, ఆఁ? నేనడిగానా?" అన్నాడు. ఆయన జట్టువాడొకడు, "వదిన సేవ చేసి మరీ ముంచేసిందన్నా!" అని పకపకా నవ్వాడు.

"ఇదెక్కడి విడ్డూరం? మొగుడి బూట్లు సర్దితే శిక్షా?" అని అత్తగారు ఆమె తరఫున కోప్పడ్డారు. "అక్కడ నేనున్నా సర్దేదాన్నే. ఆడపుట్టుక పుట్టినదెవరైనా సర్దుతుంది." తిడితే ఓర్చుకునేదేమో. ఈ సమర్థింపు ఆమెను నిలువునా కాల్చింది.

పద్నాలుగేళ్ల కూతురు మాత్రం నవ్వలేదు. తల్లి పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "అమ్మా, నిజంగా ఎందుకలా చేశావ్?"

కూతురి జుట్టు సవరించబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

భర్త వెళ్లి టీచరమ్మతో చాలాసేపు మాట్లాడి, ఒక కాగితంతో తిరిగొచ్చాడు. ఆయన మొహం తేరుకుంది. పక్కన చతికిలబడి, గొంతు మెత్తగా చేసుకున్నాడు.

"చిన్న పనే. 'తికమకపడి నా చోటే అనుకున్నాను' అని రాసి సంతకం పెట్టు. అప్పుడు నాకు సాయం చేసినట్టు కాదు. నా రెండు నిమిషాలూ కొట్టేస్తారు. మూడో స్థానం నాది."

"మరి నాది?"

"నీదంటే... పరాయి చోటు వాడుకున్నట్టవుతుంది కదా. పేరు తీసేస్తారు." వెంటనే నవ్వాడు. "నువ్వేమన్నా గెలవడానికొచ్చావా తాబేలూ? పూర్తి చేశావని మాకు తెలుసుగా. వచ్చే ఏడాది మళ్లీ చేద్దువు. ఈ ఒక్కసారికి సర్దుకో."

ఆమె కాగితం తీసుకుని టీచరమ్మ బల్ల దగ్గరికి వెళ్లింది. నిజానికి ఆ అబద్ధం ఆమెకూ మేలే. నీళ్లలోంచి తల తిరుగుతూ వచ్చి పక్క సైకిలు పట్టుకున్నవాళ్లు ఆ రోజే ఇద్దరున్నారు. అయ్యో పాపం, తికమకపడింది అంటారు, అక్కడితో మర్చిపోతారు. నిజం రాస్తే మాత్రం, పోటీ మధ్యలో మొగుడి సాక్సు చుట్టిన మనిషిగా కాగితం మీద నిలిచిపోతుంది. చూపించమని అడిగిన ప్రతివాడూ చదువుతాడు. సిగ్గు దాచుకోవాలంటే పేరు వదులుకోవాలి. పేరు ఉంచుకోవాలంటే సిగ్గు రాసివ్వాలి.

"తీరిగ్గా రాయమ్మా, నాకేం తొందర లేదు," అని టీచరమ్మ కలం ఇచ్చి, అటు తిరిగి కూర్చుంది.

కాగితం మీద ఉన్నది ఒక్కటే ప్రశ్న: 'ఇతరుల వస్తువులను ఎందుకు తాకారు?' కింద మూడు గీతలు. ఆమె మొహం ఇంకా మండుతూనే ఉంది. అయినా ఈసారి తన చేతులు ఏం చేస్తున్నాయో ఆమెకు ప్రతి అక్షరమూ తెలుసు.

'నేను తికమకపడలేదు. అవి నా భర్తవని తెలుసు. ఆయన సర్దమని అడగలేదు. ఈ పదిహేడేళ్ల కాపురంలో అడగాల్సిన అవసరం ఆయనకు నేనెప్పుడూ రానివ్వలేదు.'

టీచరమ్మ చదివింది. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, ఇంకోసారి చదివింది.

"ఇలా రాస్తే ఆయన రెండు నిమిషాలూ అలాగే ఉంటాయమ్మా."

"ఉండనివ్వండి," అంది ఆమె. "నావీ ఉన్నాయిగా."