ఫూల్మణి కొడుకు నడిచిన రోజు

నన్ను పట్టుకుని నడక నేర్చినవాళ్లలో ఒక్కరికీ నేను గుర్తుండను. వాళ్ల తప్పేమీ లేదు, ఆ వయసు అలాంటిది. నేను మూడు చక్రాల చెక్కబండిని. నర్సీపట్నంలో ఒక వడ్రంగి తన మనవరాలి కోసం నన్ను చేశాడు. ఆ ఇంట్లో పిల్లకు నలుగు పెట్టి, కాళ్లు సాగదీసి, సాంబ్రాణి పొగ వేసి, ఆ పైన నా అడ్డకర్ర పట్టించి నిలబెట్టేవారు. ఆ పిల్ల పరుగెత్తడం మొదలుపెట్టగానే నన్ను అమ్మేశారు. తర్వాత చేరింది హైదరాబాదు పాతబస్తీలో ఒక ఇంటికి. అక్కడి బాబును దాదీ ఒడిలోంచి అత్త ఒడికి, అత్త ఒడిలోంచి పక్కింటివాళ్ల ఒడికి అందించుకోవడమే తప్ప నేల మీదికి దింపిన పాపాన పోలేదు. వాడు నా దగ్గరికి వచ్చేసరికి మాటలన్నీ వచ్చేశాయి. పిల్లల్ని పెంచడం మాకే తెలుసునన్న మాట మాత్రం రెండిళ్లలోనూ విన్నాను.

చక్రాలు అరిగి కిర్రుమంటున్న కాలంలో వాళ్లు నన్ను ఊరి చివర అపార్టుమెంట్లు కడుతున్న చోటికి ఇచ్చేశారు. కూలికి పోయే తల్లులు పిల్లల్ని వదిలి వెళ్లే రేకుల షెడ్డు అది. ఆ షెడ్డుకు ఆయా సత్తెవ్వ. మెదక్ వైపు మనిషి. మోకాళ్లు పట్టుకుని లేచేది, నడుం పట్టుకుని కూర్చునేది. బీహారు తల్లులు ఆవనూనె వాసనతో, కళ్ల నిండా కాటుకతో పిల్లల్ని తెచ్చేవారు. పాలమూరు పిల్లలు మట్టిలోంచి లేచి నేరుగా వచ్చేవారు. అందరినీ సత్తెవ్వ ఒకే బొంతమీద పడుకోబెట్టి, వంతులవారీగా నాకు అప్పగించేది. వాళ్లు తోసినకొద్దీ సాయంత్రానికి నా ఒళ్లు హూనమయ్యేది.

ఒక్క బుధన్ మాత్రమే నా దగ్గరికి రాలేదు. వాడి తల్లి ఫూల్మణి ఒడిశా కొండల్లోంచి వచ్చిన సంతాల్ తెగ పిల్ల. వాడిని గుడ్డతో వీపుకు కట్టుకుని తెచ్చేది, వీపుకు కట్టుకుని తీసుకుపోయేది. ఏడాది వయసు దాటి చాలా కాలమైనా వాడు అడుగు వేయలేదు. తనిఖీకి వచ్చిన మేడమ్ వాడిని చూసి మొహం చిట్లించింది.

“ఇంకా నడవట్లేదా? నువ్వేం చేస్తున్నావు సత్తెవ్వా?”

ఆ మాట సత్తెవ్వకు ముల్లులా దిగింది. ఫూల్మణి పనిలోకి వెళ్లగానే బుధన్ని తెచ్చి నా అడ్డకర్ర పట్టించింది. “నడువు బిడ్డా, నా పరువు తీయకు” అంటూ వెనక నుంచి చిన్నగా తోసింది. అంతలో లోపల ఇంకో పాప ఏడిస్తే అటు తిరిగింది. గుమ్మం ముందు సిమెంటు ఏటవాలు. నేను జారాను, నాతోపాటు వాడూ. ఆగడం నాకు చేతకాని పని. వాడి పెదవి చిట్లి చొక్కా అంతా రక్తమైంది.

వాడి ఏడుపు విని ఫూల్మణి పని వదిలి వచ్చింది. కొంగుతో రక్తం తుడిచి, వాడిని వీపుకు కట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు షెడ్డుకు తేలేదు. తలమీద ఇటుకలు, వీపుమీద బుధన్, పట్టుకోవడానికి రెయిలింగు కూడా లేని మెట్లు. ఆమె ఎక్కుతుంటే సత్తెవ్వ గుమ్మంలో నిలబడి చూసింది. మధ్యాహ్నం సద్ది విప్పి, తినకుండానే మళ్లీ మూటకట్టింది.

ఫూల్మణి వాళ్ల గుడిసె షెడ్డుకు ఎదురుగానే ఉండేది. పని దిగే వేళకు సత్తెవ్వ కుంటుకుంటూ అక్కడికి వెళ్లింది. బుధన్ ఇసుకలో గొంతుకూర్చుని చీమలకు నూకలు ఒక్కొక్కటే వేస్తున్నాడు. కూర్చునే పక్కకు జరుగుతున్నాడు, వెదురుబొంగు పట్టుకుని లేస్తున్నాడు, మళ్లీ కూర్చుంటున్నాడు. సత్తెవ్వ చాలాసేపు చూసింది.

“కాళ్లల్ల సత్తువైతే మంచిగనే ఉన్నది. మరెందుకు నడుస్తలేడే?”

“మా ఊళ్లో ఎవరూ నడిపించరు, అవ్వా” అంది ఫూల్మణి, మేస్త్రీల దగ్గర నేర్చిన తెలుగులో. “అంతా రాయి, గుంట. బిడ్డ వీపు మీద ఉంటాడు. అన్నీ చూస్తాడు. వాడికి ఎప్పుడు కావాలో అప్పుడు దిగుతాడు.”

“మేము మస్తు తొందరపెడ్తం” అంది సత్తెవ్వ. “ఆ మెట్ల మీదికి మాత్రం తీస్కపోకు బిడ్డా. నాకు గుండె ఆగినంత పనైతున్నది. ఆ బండి జోలికి పోనియ్య. నేనే వీపుకు కట్టుకుంట” అంది.

ఫూల్మణి ఆమె వంగిన నడుం వైపు చూసి నవ్వింది. మర్నాడు ఆ గుడ్డను సత్తెవ్వ వీపుకు తనే ముడివేసింది. ఆ రోజు నుంచి సత్తెవ్వ బుధన్ని మోస్తూనే గంజి కాచేది, ఉచ్చగుడ్డలు ఉతికేది. నడుం విరిగిపోతోందని అస్తమానం సణిగేది, అయినా ముడి విప్పేది కాదు. మేడమ్ మళ్లీ వచ్చి అడిగితే, “నడుస్తడమ్మా, వానికి బుద్ధి పుట్టినప్పుడు” అని గంజి కలుపుకుంటూ పోయింది.

వర్షాలు మొదలైన వారంలో ఒక పూట, సత్తెవ్వ అలసిపోయి వాడిని బొంతమీద దింపి గోడకు చేరగిలబడింది. బుధన్ లేచాడు. మూలనున్న నా వైపు చూడనైనా లేదు. రెండు చేతులూ గాలిలో పెట్టి, తడబడుతూ, నేరుగా నడిచి వచ్చి సత్తెవ్వ మోకాళ్ల మీద పడ్డాడు. ఆమె వాడిని పట్టుకుని గుమ్మంలోకి పరుగెత్తింది. పైన ఎక్కడో ఇటుకలు మోస్తున్న ఫూల్మణిని పిలవబోయి, నోరు మూసుకుంది. ఎందుకో వెనక్కి వచ్చి, వాడిని మళ్లీ వీపుకు కట్టేసుకుంది.

సాయంత్రం ఫూల్మణి వచ్చింది. “నడిచాడా, అవ్వా?”

“యాడ నడుస్తడు? మొద్దోడు” అంది సత్తెవ్వ, ముడి విప్పుతూ.

మర్నాడు తెల్లారగానే ఫూల్మణి వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. చంకలో బుధన్. “అవ్వా, నడిచాడు! రాత్రి నా దగ్గరికే వచ్చాడు! మొదటిసారి, నా దగ్గరికే!”

“నిజంగనా!” అంది సత్తెవ్వ, బుగ్గలు నొక్కుకుని. “ఏదీ, నాకు జూపియ్యి. నేనింకా సూడనేలేదు.”