సముద్రం గోడ

కాల్చిన గుల్ల మీద నీళ్లు పోయగానే కుండ బుసబుసమంది. ముత్యాలయ్య వెనక్కి జరగలేదు. ముఖానికి ఆవిరి కొడుతున్నా కర్రతో కలియబెడుతూనే ఉన్నాడు. కోట పట్నం దగ్గరి సముద్రతీరం నుంచి బండి మీద గుల్ల తెప్పించి, కాల్చి, ఊరి గోడలకు సున్నం కొట్టడం అతని పని. మూడేళ్లుగా ఆ పని లేదు. అయినా తెల్లవారితే చేతులు ఊరుకోవు.

అంతకు ముందు రెండేళ్లు వానలు లేక కొండమీది ఆ ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. కోటలో సినిమా బోర్డులు రాసే క్రీస్తురాజు ఎవరి పెళ్లికో వచ్చి, ఒక గోడ మీద ఎద్దులబండి బొమ్మ వేశాడు. పక్కింటివాళ్లు మాకూ కావాలన్నారు. బొమ్మల సంగతి తెలిసి జనం వచ్చారు, జనం కోసం బస్సు వచ్చింది, తాళాలు ఒక్కొక్కటే ఊడాయి. బొమ్మల గోడకు సున్నం తగలకూడదని ఊరంతా కట్టుబాటు చేసుకున్నారు.

ముత్యాలయ్య చొక్కా వేసుకుని బయల్దేరాడు. గోడ గోడకూ ఆగి, పూత ఉబ్బిందేమోనని వేలితో తట్టి చూశాడు. ఎక్కడా ఎక్కువసేపు నిలవలేకపోయాడు.

అన్నిటికన్నా పెద్ద బొమ్మ కామాక్షమ్మ ఇంటి గోడ మీది సముద్రం. ఆ గోడకు ఆనించే ఆమె కొడుకు వెంకయ్య టీ అంగడి పెట్టాడు. ముసలామె పంచలో మంచం మీద ఉంది.

"ముత్యాలూ, నేను పోయినాక నా గోడకు సున్నం నువ్వే కొట్టాల. శవం లేచిన ఇంటికి పొద్దుగూకే లోపల సున్నం పడకపోతే ఎట్టరా? మీ పెదనాయన పోయినప్పుడు మీ నాయనే కొట్టినాడు."

"కొడతాలే పెద్దమ్మా."

"లే అనబాక. కొడతానని చెప్పు."

"కొడతాను."

అంగట్లోంచి వెంకయ్య తల బయట పెట్టాడు. "రేపు ఆదివారం, రెండు బస్సులొస్తాయి. ఆ సముద్రం లేకపోతే నేను మళ్లా మెడ్రాసు పోయి మూటలు మొయ్యాల. కుండ ఎత్తుకుని ఈ దిక్కుకొచ్చినావా, నీ నెత్తినే పోస్తాను, అన్నా."

"పోస్తే పొయ్యిలేరా. నీ టీ కన్నా చిక్కగుంటాది" అంది కామాక్షమ్మ.

ఆ మధ్యాహ్నం టీ తీసుకెళ్లిన వెంకయ్య గ్లాసు చేత్తో పట్టుకునే నిలబడిపోయాడు. ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది.

ఎండ తగ్గాక శవం లేచింది. మగవాళ్లంతా కొండ దిగారు. ముత్యాలయ్య సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. కుండ తెచ్చి గోడ ముందు దించాడు. కుంచె ముంచాడు, విదిలించాడు, మళ్లీ కుండలోనే పెట్టాడు. ఇంటి చుట్టూ తిరిగి వచ్చాడు. పొద్దు కొండ అంచుకు దిగింది. ఇచ్చిన మాట అలాగే ఉంది, సముద్రమూ అలాగే ఉంది.

పుట్టి ఇన్నేళ్లలో అతను బొమ్మ వేసి ఎరగడు. కుంచె మళ్లీ ముంచి, అల మొన వెంబడి మెల్లగా లాగాడు. ఏమీ కనిపించలేదు. తడి సున్నం ఆరితేనే తెలుపు. బాగుందో చెడిందో తెలియకుండానే రెండో అల దగ్గరికి జరిగాడు.

వెంకయ్య తడిబట్టలతో తిరిగి వచ్చేసరికి మొదటి అలలు ఆరి, నురగ పైకి తేలుతోంది. అతను గోడ వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

"ఆ చివర ఒక అల మిగిలిపోయిందన్నా" అన్నాడు.

ముత్యాలయ్య అటు జరిగాడు. గోడకు ఆనించి ఉన్న కామాక్షమ్మ చేతికర్ర మీద పడ్డ సున్నపు చుక్క, అంచుల నుంచి మెల్లగా తెల్లబడుతోంది.