వజ్రమ్మ గది చుట్టూ సున్నం గీత

దగ్గరికి రా బిడ్డా, ఇలా నా మోకాలి పక్కన కూర్చో. మనవాళ్లు నేతపనికి వలస వచ్చిన ఈ బమ్రోలిలో మన గల్లీ చివరి మైదానం సంగతి చెబుతాను.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో వజ్రమ్మ పెనిమిటి పోయాడు. బట్ట నేసే సాంచాల మీద బతికిన మనిషి, ఆసుపత్రి నుంచి మళ్లీ ఇంటికి రాలేదు. ఆ తర్వాత రోగం అంటుతుందన్న భయంతో ఆమె గడప ఎవరూ తొక్కలేదు. ఆమె గది పక్కనే పెద్ద చెత్తకుప్ప. దాన్ని తప్పించుకున్నట్టే ఆమెనూ తప్పించుకు తిరిగారు.

బతుకమ్మ దగ్గరపడ్డప్పుడు ఆడుకోవడానికి జాగా లేదని గల్లీ ఆడవాళ్లే ఆ కుప్ప ఎత్తడానికి పూనుకున్నారు. కార్పొరేషన్‌కు మొరపెట్టి మొరపెట్టి విసిగిపోయారు మరి. మిల్లుల్లో మిగిలిన గుడ్డపీలికలతో తాళ్లు పేని చెత్త లాగారు, గుంతల్లో మట్టి నింపారు. వజ్రమ్మ తలుపు చాటు నుంచి చూస్తూ ఉండిపోయింది. పిలిస్తే తప్ప పోకూడదని పంతం. పంతమో భయమో ఆమెకే తెలియదు.

అంతా చదునయ్యాక పెద్దావిడ కనకవ్వ బకెట్‌లో సున్నం తెచ్చి మైదానం చుట్టూ గీత పోసింది. వజ్రమ్మ గది దగ్గర ఆగింది. గీతను తిప్పి, గదిని కూడా లోపలికి కలుపుకుని పోసింది.

"నువ్వు బయటిదానివి గాదు చెల్లె. రా, పూలు పేర్చాలె," అంది.

వజ్రమ్మ ఆ రోజు కడుపు నిండా అన్నం తిన్నది.

బతుకమ్మకు ఎమ్మెల్యే వచ్చాడు. ఒక నల్లా, రెండు లైట్లు అడుగుదామని గల్లీ ఆడవాళ్లే పిలిచారు. ఆయన మెచ్చుకున్నాడు, ఫోటోలు దిగాడు, ఇక్కడ గార్డెన్ కట్టిస్తానన్నాడు. వెంట వచ్చినవాళ్లు టేపు పట్టి, సున్నం గీత వెంబడే కొలిచారు. వారం తిరక్కుండా వజ్రమ్మ గోడ మీద ఎర్ర రంగు గుర్తు పడింది. గీత లోపలున్న గది తీసేయాలట. ఎమ్మెల్యే ఆఫీసుకు పోయి అడిగితే, హద్దు మీరు చూపించిందే కదా అన్నారు.

కనకవ్వ ఏడుస్తూ చీపురు తెచ్చి గీత తుడవబోయింది. వజ్రమ్మ ఆ చీపురు గుంజుకుంది.

"తుడవకక్కా. మల్ల నన్ను బయట పెడ్తవా?"

"గీత ఉంటే గది పోతది గదనే."

"గది వాళ్లు కూలగొడ్తరు. గీత నువ్వు తుడుస్తున్నవ్."

కనకవ్వ ఇంటికి పోయి బకెట్ తెచ్చింది. తర్వాత మళ్లీ సున్నం కలిపి, గీతను అక్కడి నుంచి ఇంకా పొడిగించి తన ఇంటి చుట్టూ కూడా పోసింది. అది చూసి పక్కింటామె, ఆ పక్కామె. పొద్దుగూకేసరికి గల్లీ గల్లీ అంతా గీత లోపలే ఉంది. తీస్తే అందరివీ తీయమని ఎమ్మెల్యేకు కబురు పంపారు.

జవాబు ఇంకా రాలేదు. ఎర్ర గుర్తు అలాగే ఉంది. జీపు చప్పుడు వినబడితే చాలు, వజ్రమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. రేపు అక్కడ గార్డెన్ లేస్తే గేటు మీద ఎవరి పేరు ఉంటుందో తెలిసిందే. నువ్వు మాత్రం గుర్తుంచుకో బిడ్డా, ఆ చెత్త ఎవరు ఎత్తారో, ఆ గీత ఎందుకు వంకర తిరిగిందో. నీ వాళ్లకూ చెప్పు.